లండన్ నుంచి రాముకు

మన హాస్టల్ హాల్లో ఉన్న అంబేద్కర్ గారి ఫోటోను రోజూ చూస్తాం. ఆయన డిగ్రీలు మనకు కంఠతా వచ్చు. కానీ ఆయన విదేశాల్లో చదువుతున్నప్పుడు ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో చాలామందికి తెలియదు. నాకూ పి.జి.కి వచ్చేదాకా తెలియదు.

భార్య రమాబాయి గారు కొంకణ తీరంలో చేపల బుట్టలు మోసే కూలీ కూతురు. చిన్నతనంలోనే పెళ్ళయింది. 1913లో తండ్రి రాంజీ చనిపోయిన కొద్ది నెలలకే భీంరావు బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్ళారు. నెలకు పదకొండున్నర పౌన్లు. అందులోనే కడుపు కట్టుకొని ఇంటికి పంపాలి. అప్పటికి కొడుకు యశ్వంత్ చంటిబిడ్డ.

1918లో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. జీతం 450 రూపాయలు. ఇక కష్టాలు తీరాయి అనుకుంటాం కదా! ఆయన మాత్రం లండన్ చదువు పూర్తి చేయాలని అందులోనే కూడబెట్టారు. రమాబాయి గారు ఇంటి ఖర్చు డబ్బును రోజుకొకటి చొప్పున పొట్లాలు కట్టి దాచేవారని చెప్పుకుంటారు. సొంత పొదుపు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడు నావల్ భతేనా ఇచ్చిన 5,000 అప్పు, వీటితో 1920లో ఓడ ఎక్కారు.

లండన్‌లో రాత్రి భోజనం నాలుగు అప్పడాల ముక్కలు, ఒక కప్పు వేడి నీళ్ళలాంటి బావ్రిల్. ఆ ఆకలితోనే రాసిన సిద్ధాంత వ్యాసం దేనిమీదో తెలుసా? రూపాయి సమస్య మీద! అదే సమయంలో పరేల్ చాల్‌లోని రెండు గదుల్లో ఆయన భార్య అసలైన రూపాయి సమస్యతో తంటాలు పడుతోంది.

1921 నవంబరులో ఆయన ఇంటికి రాసిన ఉత్తరం ఒకటుంది. గంగాధర్‌కు జబ్బు చేసిందని తెలిసి బాధపడ్డారు, ధైర్యం చెప్పారు. ఆమె చదువు సాగుతున్నందుకు సంతోషించారు. డబ్బు ఏర్పాటు చేస్తున్నాననీ, తన చేతిలోనూ ఏమీ లేదనీ దాచకుండా రాశారు. ఆలస్యమైతే నగలు అమ్ముకొని తినమన్నారు, తిరిగొచ్చాక మళ్ళీ చేయిస్తానన్నారు. యశ్వంత్, అన్న కొడుకు ముకుంద్ ఎలా చదువుతున్నారని అడిగారు.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ చెవి కమ్మలు గుర్తొచ్చాయి. ఇంటర్ ఫీజు కోసం తాకట్టుకెళ్ళాయి. నేను మాత్రం ఏనాడూ చేయిస్తానని ఆమెతో అనలేదు.

ఆయన 1923లో తిరిగొచ్చారు. పుట్టిన ఐదుగురు బిడ్డల్లో యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. చివరివాడు రాజరత్న 1926లో పోయాడు. ఆ దెబ్బ నుంచి తల్లి కోలుకోలేదు. దాదర్‌లో పుస్తకాల కోసం కట్టిన రాజగృహలో ఆమె ఎంతోకాలం ఉండలేదు. 1935 మే 27న కన్నుమూశారు.

ఐదేళ్ళ తర్వాత వచ్చిన పాకిస్తాన్ సమస్య పుస్తకాన్ని ఆయన ఆమెకే అంకితమిచ్చారు. స్నేహితులు లేని, తిండికి కరువైన ఆ రోజుల్లో తనతోపాటు కష్టపడటానికి సిద్ధపడినందుకు. ఆ పేజీలో ఆమె పేరు ఇంట్లో పిలిచినట్టే ఉంటుంది. రాము.