రుజువు అడిగిన వైద్యుడు

మన పూర్వ విద్యార్థులు నలుగురు కలిస్తే ఒకప్పుడు మార్కుల గురించో ఉద్యోగాల గురించో మాట్లాడుకునేవారు. ఇప్పుడు షుగరు, బీపీ, స్టెంట్ల మాటలే. ఏ ఆసుపత్రి మంచిది, ఎంత ఖర్చయింది అని అడుగుతాం గానీ, ఆ వైద్యం పనిచేస్తుందని ఎలా తేలింది అని అడగం. జీవితమంతా ఆ ఒక్క ప్రశ్నే అడిగిన డాక్టరు ఆర్చీ కాక్రేన్. ఆయన అర్థశాస్త్రవేత్త కాకపోయినా, వైద్యానికి పెట్టే డబ్బుకు ఫలితమెంత అని లెక్క చూసేవారు ఇప్పటికీ ఆయన పుస్తకాన్ని తలచుకుంటారు.

కాక్రేన్ 1909లో స్కాట్లండ్‌లోని గాలాషీల్స్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఆయనకు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జిలో చదివి, తర్వాత లండన్‌లో వైద్యవిద్యలో చేరారు. మధ్యలో చదువు ఆపి, స్పెయిన్ అంతర్యుద్ధంలో గాయపడినవారికి సేవ చేసే అంబులెన్సు దళంలో పనిచేశారు. ప్రభుత్వమే అందరికీ వైద్యం చూడాలని కోరే ఊరేగింపులో ఆయన ఒక అట్ట పట్టుకుని నడిచారు. ఫలితమిచ్చే చికిత్స అంతా ఉచితంగా అందాలన్నది దాని సారాంశం.  ఫలితమిచ్చే అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఆయన తర్వాతి జీవితమంతా ఆ మాట కోసమే నడిచింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా వెళ్ళి, 1941లో క్రీట్ దీవిలో జర్మన్లకు పట్టుబడ్డారు. గ్రీసులోని సలోనికా శిబిరంలో యుద్ధ ఖైదీలకు ఆయనే డాక్టరు. తిండి చాలదు, మందులు లేవు. ఖైదీలకు కాళ్ళు వాచిపోతున్నాయి, ఆయనకూ వాచాయి. అప్పుడాయన 20 మంది రోగులను ఎంచుకుని పదేసి మందిగా రెండు గదుల్లో ఉంచారు. ఒక గదిలోని వారికి దొంగ బజారులో సంపాదించిన ఈస్టు, రెండో గదిలోని వారికి విటమిన్ సి ఇచ్చారు. నాలుగో రోజుకల్లా తేడా తెలిసింది. ఈస్టు తిన్నవారిలో ఎక్కువమంది కోలుకున్నారు. ఆ లెక్క చూపించి అడిగితే జర్మన్ అధికారులు కాదనలేక శిబిరానికి ఈస్టు తెప్పించారు. పెద్దయ్యాక ఆ ప్రయోగాన్ని ఆయనే తప్పుపట్టారు. రోగులు మరీ తక్కువ, రోజులు తక్కువ, వాపుకు కారణమని తాను ఊహించినదీ బహుశా తప్పే అని ఒప్పుకున్నారు. ఇతరులను రుజువు అడిగే ముందు తన పనినే ఆయన విడిచిపెట్టలేదు.

తర్వాత జర్మనీలోని మరో శిబిరంలో ఒక రాత్రి చావు దగ్గరపడ్డ రష్యన్ కుర్రవాణ్ణి తెచ్చి వదిలారు. నొప్పికి అరుస్తున్నాడు. ఆస్పిరిన్ పనిచేయలేదు, అంతకు మించిన మందు లేదు, ఆ భాష ఈయనకు రాదు. ఏం చేయాలో తోచక పక్కన కూర్చుని గుండెకు హత్తుకున్నారు. వెంటనే అరుపులు ఆగాయి. కొన్ని గంటల తర్వాత కుర్రవాడు ప్రశాంతంగా కన్నుమూశాడు. లెక్కలు అడిగేవాడికి జాలి ఉండదనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యుద్ధం తర్వాత లండన్‌లో ప్రజారోగ్యం చదివారు. గణాంక నిపుణుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అక్కడ ఆయన గురువు. రోగులను లాటరీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి మందును పరీక్షించే పద్ధతి ఆయన దగ్గరే ఒంటబట్టింది. 1948 నుంచి వేల్స్‌లో బొగ్గు గనుల కార్మికుల ఊపిరితిత్తుల జబ్బుపై పరిశోధన చేశారు. రోండా ఫాక్ లోయలో ఊళ్ళకు ఊళ్ళనే ఎక్స్‌రే తీయించారు. రానివారి ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి, నూటికి తొంభై మందికి పైగా పరీక్ష జరిగేలా చూశారు. కొందరిని చూసి అందరి సంగతి చెప్పడం ఆయనకు గిట్టదు.

గుండెపోటు వచ్చినవారిని ఆసుపత్రి ప్రత్యేక విభాగంలో ఉంచడం మేలా, ఇంట్లోనే చూడడం మేలా అన్న పరీక్ష బ్రిస్టల్‌లో మొదలైంది. తొలి అంకెల్లో ఆసుపత్రి మరణాలు కాస్త ఎక్కువ. అది తేల్చడానికి చాలని తేడా. కాక్రేన్ గుండె నిపుణుల ముందు కావాలనే ఆ అంకెలను తారుమారు చేసి చూపించారు. ఇంట్లో ఉంచడం అధర్మమనీ, పరీక్ష వెంటనే ఆపాలనీ వాళ్ళు కోప్పడ్డారు. అప్పుడు అసలు కాగితం బయటపెట్టి, మరి ఇప్పుడు ఆసుపత్రి విభాగాలు మూసేద్దామా అని అడిగారు. గది నిశ్శబ్దమైపోయింది.

ఈ ఆలోచనలన్నీ 1972లో ‘ఎఫెక్టివ్‌నెస్ అండ్ ఎఫిషియెన్సీ’ అన్న చిన్న పుస్తకంలో పెట్టారు. ఏ దేశం ఖజానాకైనా హద్దు ఉంటుంది. పనికిరాని చికిత్సకు పెట్టిన ప్రతి రూపాయీ పనికొచ్చే చికిత్స అందని మరొకరి నుంచి తీసుకున్నదే. కాబట్టి చికిత్స పనిచేస్తుందా అని ముందు తేల్చాలి, తక్కువ ఖర్చులో ఎలా అని తర్వాత చూడాలి, అది అందరికీ సమానంగా అందాలి. 1974లో ఆయన సహచరుడు పీటర్ ఎల్‌వుడ్‌తో కలిసి, గుండెపోటు వచ్చిన 1239 మంది మగవారిపై జరిపిన ఆస్పిరిన్ పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మేలు కనిపించినా రుజువు చాలదని వారే రాశారు. తర్వాతి పరీక్షలు ఆ మేలును ఖాయం చేశాయి. మనలో కొందరి మాత్రల డబ్బాలో ఇప్పుడు అది ఉంది.

వైద్య పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి, ఎప్పటికప్పుడు సారాంశం రాసే ఏర్పాటు లేదని 1979లో ఆయన బాధపడ్డారు. 1988లో మరణించారు. అయిదేళ్ళకు అయాన్ చామర్స్ తదితరులు ఆ పనికే ఆయన పేరుతో కాక్రేన్ కొలాబరేషన్ స్థాపించారు. ఈనాడు ఎన్నో దేశాల వైద్యులు దాని సమీక్షలు చూస్తారు.

నేను ఇంజనీర్ని. ఎంత పేరున్న కాంట్రాక్టరు పోసిన కాంక్రీటైనా 28వ రోజున క్యూబు పగలగొట్టి చూడకుండా ఒప్పుకోం. వంతెనకు అడిగే రుజువు ఒంటికీ అడగాలని కాక్రేన్ చెప్పారు. డాక్టరు రాసిన మందు మనంతట మనం మానేయమని దీని అర్థం కాదు. ఈ పరీక్ష వల్ల నా చికిత్స మారుతుందా, ఇది చేయకపోతే ఏమవుతుంది అని మర్యాదగా అడగవచ్చు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. పాఠం మధ్యలో లేచి ఎందుకని అడిగిన పిల్లవాణ్ణి మంచి మాస్టారు ఎన్నడూ కూర్చోమనలేదు కదా.