స్కాట్ ఫిట్జెరాల్డ్

అమెరికన్ నవలాకారుడు స్కాట్ ఫిట్జెరాల్డ్ 1896 సెప్టెంబరు 24న మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో జన్మించాడు. తండ్రి వ్యాపారంలోనూ, ఉద్యోగంలోనూ నిలదొక్కుకోలేకపోయాడు. తల్లి పుట్టింటి సంపదే కుటుంబాన్ని ఆదుకొంది. ధనికుల బిడ్డల నడుమ చదువుకొంటూ వారిలో ఒకడు కాలేకపోయానన్న వెలితి అతణ్ణి జీవితాంతం వెన్నాడింది.

1917లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చదువు విడిచి సైన్యంలో చేరాడు. మరుసటి ఏడు అలబామా రాష్ట్రంలో న్యాయమూర్తి కుమార్తె జెల్డా సేయర్‌ను ప్రేమించాడు. అతని సంపాదన చాలదని ఆమె నిశ్చితార్థాన్ని రద్దు చేసుకొంది. 1920 మార్చి 26న తొలి నవల ‘దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్’ వెలువడింది. ఎనిమిది రోజులకే వారి వివాహం జరిగింది! ఆ వివాహాన్ని కుదిర్చినది ప్రేమయో, ధనమో అతనికే తేలలేదేమో.

ఆ సందేహపు నీడ 1925 నాటి ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవలపై కనిపిస్తుంది. పేదరికం వల్ల దూరమైన ప్రియురాలి కోసం గాట్స్‌బీ అక్రమమార్గాల్లో ధనం కూడబెట్టి, ఆమె ఇంటికి ఎదురుగా, నీటికి ఈవలి ఒడ్డున భవనం కొంటాడు. తీరా కలుసుకొన్నాక, అయిదేళ్లుగా మనస్సులో చెక్కుకొన్న ప్రతిమకు ఎదుట నిలిచిన స్త్రీ సరితూగలేదు.

నవల ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 1930లో జెల్డా మానసిక వ్యాధికి లోనైంది. అప్పులపాలైన ఫిట్జెరాల్డ్ 1937లో హాలీవుడ్ చేరి సినిమాలకు రచన చేశాడు. 1940 డిసెంబరు 21న గుండెపోటుతో మరణించేనాటికి అతని వయస్సు 44 ఏళ్లు. గాట్స్‌బీ ప్రతులు అప్పటికింకా ప్రచురణకర్త గోదాములోనే పడి ఉన్నాయి.