పట్టికల పెద్దాయన ఎడ్గార్ కాడ్

మన సీనియర్లలో ఒరాకిల్, ఎస్.క్యూ.ఎల్. నేర్చుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆ చదువుకు మూలపురుషుడు ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్.

ఆయన 1923 ఆగస్టు 19న ఇంగ్లండులోని పోర్ట్‌లాండ్‌లో, ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడిగా జన్మించారు. తండ్రిది తోలు పరిశ్రమ, తల్లి ఉపాధ్యాయురాలు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపారు. 1948లో అమెరికా వెళ్లి ఐ.బి.ఎం.లో చేరారు. సెనేటర్ మెకార్తీ ధోరణి నచ్చక 1953లో కెనడా వెళ్లిపోయి, కొన్నేళ్లకు తిరిగి వచ్చారు. డాక్టరేట్ పట్టా పొందేనాటికి నలభై దాటాయి. (ఒకసారి ఫెయిలైతే పుస్తకాలు అటకెక్కించే మనం ఇది గమనించాలి!)

ఆ రోజుల్లో డిస్కులో ఏ సమాచారం ఎక్కడుందో, ఏ దారిన వెళ్తే దొరుకుతుందో ప్రోగ్రామ్‌లోనే రాయాల్సి వచ్చేది. మన స్టోర్ రూములో బియ్యం బస్తా ఏ మూలనుందో వంటమనిషికి కంఠతా వచ్చి, మూల మార్చిన రోజున వంటే ఆగిపోయినట్లుండేది. డిస్కులో అమరిక మార్చితే ప్రోగ్రాములు తిరగరాయాల్సిందే.

1970 జూన్‌లో కాడ్ ఒక వ్యాసం ప్రచురించారు. సమాచారాన్ని పట్టికలుగా చూపాలి, ఏం కావాలో మాత్రమే అడగాలి, ఎక్కడ వెదకాలో యంత్రమే చూసుకోవాలి అన్నది దాని సారాంశం. అయితే ఐ.బి.ఎం. అప్పటికే ఐ.ఎం.ఎస్. అనే పాత పద్ధతి సాఫ్ట్‌వేర్ అమ్ముకుంటోంది. సొంత ఉద్యోగి ఆలోచనను అమ్మకానికి తేవడానికి 1981 దాకా ఆగింది. ఈలోగా 1979లోనే ఒరాకిల్ బజారులోకి వచ్చేసింది! కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు కాడ్‌కు 1981లోనే వచ్చింది.

డిస్కులో చోటు ఎంచుకునే పని మాత్రం పోలేదు, నిర్వాహకుడి చేతికి వెళ్లింది. టేబుల్‌స్పేస్ అనే ఏర్పాటుతో ఆయన రోజూ వాడే పట్టికను వేగంగా పనిచేసే డిస్కులో, పాత రికార్డులను చవక డిస్కులో పెడతాడు. పట్టిక చోటు మారినా మనం రాసిన ప్రశ్నలో అక్షరం మారదు. 1985లో కాడ్ ప్రకటించిన నియమాల్లో ఇదీ ఒకటి. పేరుకే పట్టికలు చూపి అమ్ముకునే కంపెనీల మీద కోపంతోనే ఆ నియమాలు రాశారు.

కాడ్ 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో, 79 ఏళ్ల వయసులో కన్నుమూశారు.