పోలీసు పుస్తకంలో నేరస్తుడు, ఇంటి కథలో వీరుడు: అన్నాభావు సాఠే జీవితం

1920 ఆగస్టు 1న అప్పటి సాతారా జిల్లా, ఇప్పటి సాంగ్లీ జిల్లాలోని వాటేగావ్ అనే ఊళ్లో, ఊరికి వెలుపల ఉన్న మాంగ్‌వాడలో ఒక మగబిడ్డ పుట్టాడు. బాలింతకు పెట్టడానికి కూడా ఆ ఇంట్లో ఏమీ లేదు. ఆ రోజుల్లోనే బ్రిటిష్ వాళ్ల ఖజానా కొట్టి, పోలీసుల కళ్లుగప్పి తిరుగుతున్న బంధువొకడు ఆ గడపలోకి వచ్చి, రెండు దోసిళ్ల రూపాయలు పోసి వెళ్లాడని ఆ కుటుంబం చెప్పుకునేది. ఆ బంధువు ఫకీరా. బిడ్డకు మామ వరస. బిడ్డకు పెట్టిన పేరు తుకారాం. తర్వాత లోకం అతన్ని అన్నాభావు సాఠే అని పిలిచింది.

దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 1959లో, ఆ బిడ్డే తన మామ కథను ‘ఫకీరా’ అనే మరాఠీ నవలగా రాశాడు. ఒక విధంగా ఆ రెండు దోసిళ్ల రూపాయల బాకీ తీర్చుకున్నాడు. ప్రభుత్వ కాగితాల్లో దొంగగా మిగిలిపోవలసిన మనిషిని సాహిత్యంలో తిరుగుబాటుదారుగా నిలబెట్టాడు. అన్నాభావును కార్మిక గాయకుడిగా, కమ్యూనిస్టు షాహీర్‌గా గుర్తు చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము ఇక్కడ ఆయన్ని తన కుటుంబపు ధిక్కారాన్ని గ్రంథస్తం చేసిన మనిషిగా చదవాలనుకుంటున్నాం. దీనికి కారణం ఆయన పుట్టిన కాలపు చట్టంలోనే ఉంది.

పుట్టుకే నేరమైన కాలం

1871లో బ్రిటిష్ పాలకులు నేరస్త తెగల చట్టం తెచ్చారు. మొదట ఉత్తరాదిలో అమలైన ఈ చట్టాన్ని 1911లో బొంబాయి, మద్రాసు రాష్ట్రాలకూ విస్తరించారు. మిగతా చట్టాలు మనిషి చేసిన పనిని బట్టి నేరస్తుడంటాయి. ఈ చట్టం పుట్టిన ఇంటిని బట్టి నేరస్తుడంది. ఒక కులాన్నో తెగనో జాబితాలో చేర్చాక, ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడూ పోలీసు పుస్తకంలో పేరు రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా సర్కారుకు ఉండేది. అంటే ఈ చట్టం దృష్టిలో నేరం చేసేది మనిషి కాదు, కుటుంబం.

తెలుగు నేలకు ఇది కొత్త సంగతేమీ కాదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టింది ఈ చట్టం నీడలోనే. 1952లో చట్టం రద్దయినా, స్టువర్టుపురం పేరు చెప్పగానే దొంగల ఊరనే మాట ఇవాళ్టికీ సినిమాల్లో, నోళ్లలో నలుగుతూనే ఉంది. చట్టం పోయినా ముద్ర పోలేదు.

వాటేగావ్ ప్రాంతపు మాంగ్‌లు కూడా ఆ ముద్ర కిందే బతికారు. తాళ్లు పేనడం, చీపుర్లు కట్టడం, మన డప్పుకు చుట్టమైన హల్గి వాయించడం, ఊరికి కాపలా కాయడం వాళ్ల పనులు. ఊరిని కాపాడమని రాత్రి కాపలా పెట్టేదీ వాళ్లనే, తెల్లారి దొంగతనం జరిగితే అనుమానించేదీ వాళ్లనే.

ఒకటిన్నర రోజుల బడి

తుకారాం బడికి వెళ్లింది ఒకటిన్నర రోజులే అంటారు. అక్కడి అవమానాన్ని, కొట్టడాన్ని భరించలేక మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. 1931లో, కరువు తరిమితే, కుటుంబం ముంబైకి బయల్దేరింది. రైలు చార్జీలకు డబ్బుల్లేవు. దారిలో దొరికిన పని చేసుకుంటూ, దొరికింది తింటూ నెలల తరబడి నడిచారు. అప్పటికి ఆ పిల్లాడికి పదకొండేళ్లు.

ముంబైలో ఆయన చేయని పని లేదు. బొగ్గు ఏరాడు, వీధుల్లో తిరిగి సరుకులమ్మాడు, మిల్లులో కూలీ అయ్యాడు. అక్షరాలు బడిలో కాదు, దుకాణాల బోర్డుల మీదా సినిమా పోస్టర్ల మీదా నేర్చుకున్నాడు. కార్మిక వాడల్లో ఎర్రజెండా పరిచయమైంది. 1944లో అమర్ షేఖ్, దత్తా గవాణ్‌కర్‌లతో కలిసి లాల్ బావటా కళాపథక్ అనే సాంస్కృతిక దళాన్ని నిలబెట్టాడు. స్టాలిన్‌గ్రాడ్ పోరు మీద, బెంగాల్ కరువు మీద, ముంబై కార్మికుల మీద పోవాడాలు కట్టాడు. పోవాడా అంటే మన బుర్రకథలా వీరగాథను పాడి చెప్పే మరాఠీ రూపం. తెలంగాణ సాయుధ పోరాటం మీద కూడా ఆయన ఒక పోవాడా కట్టాడు. ఇక్కడ నాజర్ బుర్రకథ చెబుతున్న కాలంలోనే అక్కడ ఒక మాంగ్ షాహీర్ మన రైతుకూలీల పోరును మరాఠీ వాడల్లో పాడాడన్నమాట.

అగ్రకులాలు బూతని ఈసడించిన తమాషాను ఆయన లోకనాట్యంగా మార్చాడు. దేవుడి స్తుతితో మొదలయ్యే ఆటను శ్రమ చేసేవాళ్లకు మొక్కుతో మొదలుపెట్టాడు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ఆయన పాటలు లక్షల మంది నోళ్లలో తిరిగాయి. ఊళ్లో వదిలేసి వచ్చిన భార్యను తలచుకునే వలస కూలీ గొంతుతో రాసిన ‘మాఝీ మైనా’ పాట నేటికీ బతికే ఉంది.

మూడు తరాల ధిక్కారం

పాటలతో ఇంత పేరొచ్చాక ఆయన నవల వైపు మళ్లాడు. ముప్పైకి పైగా నవలలు రాశాడు. వాటిలో మకుటం ‘ఫకీరా’. దానిలో మేము గమనించవలసిందనుకున్నది, తిరుగుబాటు ఒక్కడితో మొదలై ఒక్కడితో ముగిసేది కాకపోవడం. అది తాత దౌలతీ, తండ్రి రాణోజీ, తల్లి రాధ, కొడుకులు ఫకీరా, సాధు కలిసి మోసిన బరువు.

కథ తండ్రి చావుతో మొదలవుతుంది. పొరుగూరు షిగావ్‌లో జోగిణి జాతర జరుగుతుంది. ఇక్కడ జోగిణి అంటే మన దగ్గరి జోగినీ వ్యవస్థ కాదు, ఊరికి గౌరవం తెచ్చే దేవత ఉత్సవం. జోగిణి గిన్నెను ఎత్తుకొచ్చి తమ పొలిమేర దాటించగలిగిన ఊరికి ఆ జాతర దక్కుతుందని ఆచారం. వాటేగావ్ పరువు కోసం రాణోజీ ఒంటరిగా వెళ్లి ఆ గిన్నె తెస్తాడు. పొలిమేర దాటాక చంపకూడదన్న కట్టుబాటును తప్పి షిగావ్ వాళ్లు అతని తల నరుకుతారు. జాతర ఊరికొచ్చింది. రాణోజీ ఇల్లు మాత్రం ఊరి వెలుపలే ఉండిపోయింది. తనను లోపలికి రానివ్వని ఊరి కోసం ప్రాణమిచ్చిన మనిషి కథ ఇది. అన్నాభావు దీన్ని ఫిర్యాదుగా రాయలేదు. అందుకే అది ఇంకా గట్టిగా తగులుతుంది.

ఆ తండ్రి కొడుకు ఫకీరా. తల్లి రాధ అతన్ని దుఃఖంలోనే కాదు, పౌరుషంలోనూ పెంచింది. తర్వాత కరువొచ్చింది. మాంగ్‌వాడలో జనం ఆకలితో రాలిపోతున్నప్పుడు, ఊరి కులకర్ణి విష్ణుపంత్ వాళ్లకు చావొద్దని, ఎలాగైనా బతకమని చెబుతాడు. ఫకీరా ధాన్యం కొల్లగొట్టి వాడకు పంచుతాడు. అక్కడి నుంచి సర్కారు కన్ను పడుతుంది. హాజరు పేరుతో మాంగ్‌లను రోజూ నిలబెట్టడం మొదలవుతుంది. ఫకీరా చివరికి బ్రిటిష్ ఖజానానే కొడతాడు.

ఇక సర్కారు ఏం చేసింది? ఫకీరాను పట్టుకోలేక అతని వాళ్లను పట్టుకుంది. ముసలివాళ్లను, ఆడవాళ్లను, పిల్లల్ని బంధించింది. ఒక మనిషిని లొంగదీయాలంటే ఇంటిని పట్టుకుంటే చాలని ఆ చట్టానికి మొదటి నుంచీ తెలుసు. ఫకీరా తనంతట తానే వచ్చి లొంగిపోతాడు. చాలామంది దీన్ని ఓటమిగా చదువుతారు. మాకు అలా అనిపించదు. వాడ ఆకలి తీర్చడానికి కత్తి పట్టినవాడు, ఆ వాడ ప్రాణాల కోసమే కత్తి దించాడు. కుటుంబాన్ని నేరస్తుల గుంపుగా చూసిన చట్టానికి, ఆ కుటుంబం ఒకరి కోసం ఒకరు ప్రాణమిచ్చే బంధమని నవల జవాబు చెప్పింది.

అభ్యంతరాలు, జవాబులు

ఈ నవల మీద విమర్శలు లేకపోలేదు. వీరత్వాన్ని మితిమీరి పొగిడాడని కొందరన్నారు. మంచి బ్రాహ్మణుడైన విష్ణుపంత్, మంచి పాటిల్ పాత్రలు కులవ్యవస్థ మీద విమర్శను మెత్తబరిచాయన్న వాదన దళిత పాఠకుల్లోనే ఉంది. రాధ లాంటి తల్లికి వీరమాత పాత్ర దాటి చోటు దొరకలేదన్నది మా అభ్యంతరం కూడా. ఈ మాటల్లో నిజముంది.

అయినా ఒక సంగతి మరవకూడదు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన మనిషి తన గొప్ప నవలకు మిల్లు కార్మికుణ్ణి కాక, నేరస్త కులమన్న ముద్రపడిన తన బంధువును నాయకుణ్ణి చేశాడు. ఆ పుస్తకాన్ని పోరాడే అంబేడ్కర్ కలానికి అంకితమిచ్చాడు. వర్గం, కులం మధ్య ఇవాళ మనం చేసే వాదనలను ఆయన వ్యాసాల్లో కాదు, ఆ నాయకుడి ఎంపికలో, ఆ అంకితం పేజీలో తేల్చాడు.

1958 మార్చి 2న ముంబైలో జరిగిన తొలి దళిత సాహిత్య సమ్మేళనాన్ని ప్రారంభించింది కూడా ఆయనే. భూమి ఆదిశేషుడి పడగ మీద లేదని, దళితుల, శ్రామికుల అరచేతుల మీద నిలబడి ఉందని ఆ వేదిక మీద ఆయన చెప్పిన మాట దళిత సాహిత్యానికి పునాదిరాయి అయింది. దళిత పాంథర్స్ పుట్టింది 1972లో. అంతకు పద్నాలుగేళ్ల ముందే ఈ మాట అనేశాడు.

కుటుంబం ఆయన కథల్లో ఇంకో రూపంలోనూ కనిపిస్తుంది. శ్మశానంలో బంగారం గురించిన ఆయన కథలో భీమా అనే రాతిక్వారీ కూలీ ఉంటాడు. క్వారీ మూతపడ్డాక భార్యాబిడ్డలను బతికించడానికి రాత్రిళ్లు సమాధులు తవ్వి శవాల మీది బంగారం తీస్తాడు. ఒక రాత్రి నక్కలతో పెనుగులాడుతూ శవం నోట్లో వేళ్లు ఇరుక్కుని పోగొట్టుకుంటాడు. తర్వాత క్వారీ మళ్లీ తెరిచారన్న కబురొస్తుంది. రాళ్లు కొట్టే చేతికి అప్పటికి వేళ్లు లేవు. ఫకీరా కాలంలో బతకడం కోసం చేసిన పని తిరుగుబాటైంది. భీమా కాలంలో, అదే ఆకలికి, ఒంటరి చీకటి మిగిలింది. ఊరి వాడ చెదిరి నగరంలో కుటుంబం ఒంటరైతే ఏమవుతుందో ఆయనకు అనుభవంగా తెలుసు.

విగ్రహాలు, ఆకలి

1961లో ‘ఫకీరా’కు రాష్ట్ర ప్రభుత్వ బహుమతి వచ్చింది. అదే ఏడాది సోవియట్ రష్యా చూసొచ్చి యాత్రా రచన చేశాడు. నవలలు సినిమాలయ్యాయి. కానీ ఘాట్‌కోపర్ చిరాగ్‌నగర్ మురికివాడలో చాలా ఏళ్లు గడిపిన ఆ రచయితకు పేదరికం తప్పలేదు. 1969 జూలై 18న, నలభై తొమ్మిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన తమ్ముడు, తనూ షాహీర్ అయిన శంకర్‌భావు సాఠే అన్న జీవితాన్ని పుస్తకంగా రాశాడు. మామ కథను మేనల్లుడు రాస్తే, ఆ మేనల్లుడి కథను తమ్ముడు రాశాడు. ఆ ఇంట్లో చరిత్ర చేతులు మారింది కానీ బయటివాళ్ల పాలు కాలేదు.

2002లో తపాలా బిళ్ల వేశారు. 2022లో మాస్కోలో విగ్రహం పెట్టారు. ఇవాళ ఆయన బొమ్మ పెట్టని పార్టీ మహారాష్ట్రలో లేదు. మాతంగ ఓట్ల కోసం ఆయన్ని కొనియాడే చోట ఖజానా కొట్టిన ఫకీరా గురించి మాట్లాడరు. హాజరు పుస్తకం గురించి అసలే మాట్లాడరు.

మాంగ్, మాంగ్ గరోడి, మాతంగి కులాలు మన తెలుగు రాష్ట్రాల ఎస్సీ జాబితాలోనూ ఉన్నాయి. ఎస్సీ వర్గీకరణకు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దారి తెరిచిన రోజు 2024 ఆగస్టు 1, యాదృచ్ఛికంగా అన్నాభావు పుట్టినరోజు. జాబితాలో ఎవరి వాటా ఎంత అన్న లెక్క అవసరమే. దానితోపాటు, ఏ కులం మీద ఏ ముద్ర ఎప్పుడు, ఎవరు వేశారన్న చరిత్ర కూడా తేలాలి.

అందుకే విద్యార్థి మిత్రులకు మేము చెప్పేది ఒకటే. ఆర్కైవ్స్‌లో పాత పోలీసు రిపోర్టులు తిరగేసేటప్పుడు దొంగ అని రాసి ఉన్న పేరు దగ్గర ఆగండి. ఆ ఊరికి వెళ్లండి. ఆ ఇంటి ముసలమ్మను అడగండి. కరువులో ధాన్యం ఎవరు తెచ్చారో, బాలింత ఇంట్లో దోసిళ్లతో రూపాయలు ఎవరు పోశారో ఆమెకు తెలిసే ఉంటుంది. అన్నాభావు చేసింది అదే. ఒకటిన్నర రోజులు బడికి వెళ్లిన మనిషి చేయగలిగిన పనిని, ఇన్నేళ్లు చదువుకున్న మనం చేయకపోతే తప్పు మనదే అవుతుంది.