గ్యారీ కిల్డాల్

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ (మే 19, 1942 - జూలై 11, 1994) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. మైక్రోకంప్యూటర్ల కొరకు సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించాడు. బయోస్ అనే పేరు కూడా ఇతడి నుండి వచ్చినదే. కాకినాడ జె.ఎన్.టి.యు.కు అనుబంధంగా ఉన్న గోదావరి జిల్లాల ఇంజనీరింగు కళాశాలలలో 8086 ప్రయోగాలు చేసిన విద్యార్థులు, ఇతడి పేరు వినకపోయినా, ఇతడి పద్ధతిలోనే తెరపై అక్షరాలు ముద్రించి ఉంటారు.

తొలి జీవితం

సియాటెల్ నగరంలో జన్మించాడు. ఇతడి కుటుంబం నౌకాయానం నేర్పే పాఠశాలను నడిపేది. గణిత ఉపాధ్యాయుడు కావాలని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, కంప్యూటర్ల వైపు మళ్ళాడు. 1972లో డాక్టరేటు పొందాడు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో నౌకాదళ ఉన్నత విద్యాసంస్థలో బోధిస్తూ, ఇంటెల్ సంస్థకు సలహాదారుగా పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగు భాషను తయారుచేశాడు.

సీపీ/ఎం, డాలరు గుర్తు

1974లో సీపీ/ఎం రూపొందింది. దానిని అమ్మడానికి భార్య డొరొతీతో కలిసి డిజిటల్ రీసెర్చ్ సంస్థను స్థాపించాడు. ఆ రోజుల్లో ఒక్కొక్క తయారీదారుని యంత్రం ఒక్కొక్క విధంగా ఉండేది. అందువలన యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని విడదీసి దానికి బయోస్ అని పేరు పెట్టాడు. మిగిలిన భాగాన్ని, అంటే బీడాస్‌ను, మార్చవలసిన పని ఉండదు. కిల్డాల్ చేసిన పనులలో అన్నిటికంటె ఎక్కువ కాలం నిలిచినది బహుశా ఈ విభజనే.

సీపీ/ఎంలో ఒక వాక్యాన్ని ముద్రించడానికి దాని చిరునామాను డిఇ రిజిస్టరులోను, 9 అనే సంఖ్యను సి రిజిస్టరులోను ఉంచి, 5వ చిరునామాను పిలవాలి. వాక్యం ఎక్కడ ముగిసిందో డాలరు గుర్తు తెలుపుతుంది. ఈ కారణంగానే డాలర్లలో ధర చూపాలంటే ఈ పద్ధతి పనికిరాదు. ఆ గుర్తును విడి అక్షరంగా ముద్రించుకోవాలి. ఎంఎస్-డాస్‌లో 21హెచ్ ఇంటరప్టు కింద ఉన్న 9వ సేవ దీని నకలే.

బూట్‌లోడరులో మాత్రం ఈ సేవ దొరకదు. బయోస్ డిస్కులోని మొదటి 512 బైట్లను మెమరీలోకి తెచ్చే సమయానికి డాస్ ఇంకా రాలేదు. అందుచేత డిబి అని ప్రకటించిన అక్షరాల చివర సాధారణంగా సున్నా ఉంచి, ఒక్కొక్క అక్షరాన్నీ బయోస్ వారి 10హెచ్ ఇంటరప్టుకు అందించి ముద్రిస్తారు. డాస్ లేకపోయినా బయోస్ పలుకుతుంది.

ఐబిఎం వ్యవహారం

1980లో ఐబిఎం ప్రతినిధులు సీపీ/ఎం కొరకు వచ్చినప్పుడు ఒప్పందం కుదరలేదు. ఆ రోజు కిల్డాల్ సరదాగా విమానం నడుపుకుంటూ వెళ్ళాడనే కథ ప్రచారంలో ఉన్నది. నిజానికి వ్యాపారం పనిమీదనే వెళ్ళాడు. టిమ్ పాటర్సన్ వ్రాసిన 86-డాస్, సీపీ/ఎం ప్రోగ్రాములను సులువుగా మార్చుకోవడానికి వీలుగా దాని సేవలనే అనుసరించింది. మైక్రోసాఫ్ట్ దానిని 1981లో కొని ఐబిఎంకు అందించింది. కిల్డాల్ అభ్యంతరం తెలుపగా ఐబిఎం సీపీ/ఎం-86ను కూడా అమ్మడానికి ఒప్పుకున్నది. కాని దాని ధర 240 డాలర్లు, పీసీ-డాస్ ధర 40 డాలర్లు.

చివరి సంవత్సరాలు

డిజిటల్ రీసెర్చ్‌ను 1991లో నోవెల్ సంస్థ కొన్నది. 1994 జూలైలో మాంటెరీలో తలకు దెబ్బ తగిలిన మూడు రోజులకు, 52 ఏళ్ళ వయసులో కిల్డాల్ మరణించాడు. పసిఫిక్ గ్రోవ్‌లో సంస్థ పనిచేసిన భవనం వద్ద 2014లో ఐఇఇఇ స్మారక ఫలకాన్ని ఉంచింది.