అపర భగీరథుడు కాటన్

కావేరి, కృష్ణ, గోదావరి, మహానది తూర్పుగా ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే నదులు. సముద్రాన్ని చేరబోయే ముందు ఇవి పాయలుగా చీలి, ఒండ్రుమట్టి పోసి, సారవంతమైన డెల్టాలను ఏర్పరచాయి. ఈ నాలుగు నదుల నీటిపారుదల చరిత్రలోనూ ఒక ఇంజనీరు పేరు కనిపిస్తుంది. ఆయనే సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల ప్రజలు నేటికీ ఆయనను ప్రేమగా కాటన్ దొర అని పిలుచుకుంటారు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించాడు. ఆయనకు పదిమంది సోదరులు. పదిహేనవ ఏట ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్‌కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. చదువు ముగించి, కొంతకాలం వేల్స్ ప్రాంతంలో భూమి సర్వే పనిలో శిక్షణ పొందాడు. 1821లో, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో, మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగిగా భారతదేశానికి వచ్చాడు. దక్షిణ జిల్లాల చెరువుల శాఖలో సహాయకుడిగా పనిచేశాడు. రామేశ్వరం దగ్గరి పాంబన్ జలమార్గాన్ని సర్వే చేశాడు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ తరువాత కావేరి నది పనులు ఆయనకు అప్పగించారు. ఆ నదే ఆయనకు గురువయింది.

తిరుచిరాపల్లికి ఎగువన ముక్కొంబు అనే చోట కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొళ్ళిడం. దక్షిణపు పాయ కావేరి పేరుతోనే తంజావూరు పొలాలకు నీరందిస్తుంది. కొళ్ళిడం పల్లంలో ఉంది. సముద్రానికి దాని దారి దగ్గర. అందుచేత ఏటేటా ఎక్కువ నీరు అటే పోసాగింది. కావేరి పాయలో ఇసుక మేట వేసింది. తంజావూరు పొలాలు ఎండసాగాయి. కొళ్ళిడానికి అడ్డంగా ఒక కట్ట కడితే నీరు మళ్ళీ కావేరిలోకి మళ్ళుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయితే కట్టడం ఎలా? కట్టడానికి పునాది కావాలి. పునాదికి రాయి తగలాలి. అక్కడ ఎంత తవ్వినా ఇసుకే. ఇసుక మీద కట్టిన గోడ నిలవదని ఆనాటి ఇంజనీర్ల నమ్మకం.

కాటన్ ఈ చిక్కును విప్పడానికి పుస్తకాలను మాత్రమే ఆశ్రయించలేదు. ఇలాంటి చిక్కు ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా, వస్తే వారేం చేశారు అని ఆలోచించాడు. జవాబు దగ్గరలోనే ఉంది. ముక్కొంబుకు దిగువన, శ్రీరంగం ద్వీపం ముగిసే చోట, కల్లణై అనే పాత ఆనకట్ట ఉంది. దానిని కరికాల చోళుడు సుమారు రెండువేల సంవత్సరాల క్రితం కట్టించాడని చెబుతారు. కావేరి నీరు కొళ్ళిడంలోకి జారిపోకుండా అది అడ్డుకుంటుంది. అదీ ఇసుక మీదనే ఉంది. అయినా ఎన్ని వరదలు వచ్చినా చెక్కుచెదరలేదు.

కాటన్ దానిని శ్రద్ధగా పరిశీలించాడు. చోళుల కాలపు పనివారు రాయి తగిలేదాకా తవ్వలేదు. పెద్ద పెద్ద బండరాళ్ళను ఇసుక మీద వేశారు. అవి తమ బరువుకు తామే కొంత దిగబడ్డాయి. వాటి మీద మరికొన్ని రాళ్ళు వేశారు. ఇక దిగబడవు అన్నంతవరకూ వేసుకుంటూ పోయి, మట్టితో పూడ్చి, పైన కట్టుబడి చేశారు. దీనిని బట్టి కాటన్‌కు ఒక సూక్ష్మం బోధపడింది. ఆనకట్టకు శత్రువు దాని కింద ఉన్న ఇసుక కాదు. ఆ ఇసుకను కోసుకుపోయే నీరు. కట్ట మీదుగా దూకిన నీరు దిగువన గుంట చేస్తుంది. ఆ గుంట పెరిగి కట్ట కిందికి వస్తే కట్ట కూలుతుంది. కట్టను వెడల్పుగా కట్టి, నీరు పడేచోట బండరాళ్ళు పరిస్తే ఇసుక కదలదు. ఒకవేళ కదిలినా పై రాళ్ళు ఆ గుంటలోకి జారి దానిని అవే పూడుస్తాయి.

మన తర్కశాస్త్రంలో ఉపమానం ఒక ప్రమాణం. గవయమనే అడవి మృగం ఆవును పోలి ఉంటుందని విన్నవాడు, అడవిలో అటువంటి మృగాన్ని చూడగానే ఇదే గవయమని గుర్తిస్తాడు. తెలిసిన దానితో పోల్చి తెలియని దానిని గ్రహించడమే ఇందులోని కీలకం. కాటన్ చేసిన పని కూడా ఇటువంటిదే. పునాదులకు బావులు దింపడం ఈ దేశపు పనివారికి ఏనాటి నుంచో తెలిసిన విద్య. కాటన్ ఆ విద్యను కూడా తీసుకున్నాడు. ఇసుకలో బావుల వరుసలు దింపి, వాటి మీద కట్టుబడి లేపి, 1836లో ముక్కొంబు దగ్గర ఎగువ ఆనకట్టను నిర్మించాడు. అదే ఏడు కొళ్ళిడం మీద దిగువ ఆనకట్ట కూడా పూర్తయింది. తంజావూరు పొలాలకు మళ్ళీ నీరు వచ్చింది.

అయితే పని అంతటితో ముగియలేదు. ఎగువ ఆనకట్టలో పెట్టిన ఇసుక తూములు చాలలేదు. కట్టకు ఎగువన ఇసుక మేట వేసింది. కావేరి పాయలోకి నీరు అవసరానికి మించి రాసాగింది. కట్టను కొంత తగ్గించి, కావేరి మొదట్లో కూడా అడ్డుకట్ట వేసి ఆ లోపాన్ని సరిదిద్దవలసి వచ్చింది. ఈ అనుభవం తరువాతి పనికి అక్కరకు వచ్చింది.

ఆ రోజుల్లో గోదావరి డెల్టా దుస్థితి చెప్పనలవి కానిది. నది నిండా నీరున్నా పొలాలకు చుక్క అందేది కాదు. ఒక ఏడు కరువు, మరొక ఏడు వరద. 1832–33లో నందన కరువు ప్రజలను పీల్చి పిప్పి చేసింది. 1839లో తుఫాను వచ్చి యానాం పొరుగున ఉన్న కోరంగి రేవును ముంచెత్తింది. 1821లో ఏడు లక్షల ముప్పై వేలకు పైబడిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి అయిదు లక్షల అరవై వేలకు పడిపోయింది. జిల్లా ఎందుకు క్షీణించిందో విచారించడానికి ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గొమరీని నియమించింది. ఆయన 1844లో నివేదిక ఇచ్చాడు. గోదావరి నీటిని వాడుకునే మార్గం చూడమని కాటన్‌ను ఆదేశించారు.

కాటన్ డెల్టా అంతా తిరిగి చూశాడు. ఈ నేల తంజావూరు నేలను పోలినదే. ఇక్కడా నది పాయలుగా చీలుతోంది. ఇక్కడా నది గర్భం ఇసుకే. కనుక అక్కడ పనికివచ్చిన ఉపాయం ఇక్కడా పనికివస్తుందని ఆయన నిశ్చయించాడు. కాని పోలికలతో పాటు తేడాలను కూడా లెక్క వేశాడు. కొళ్ళిడం మీది ఎగువ ఆనకట్ట పొడవు సుమారు ఏడువందల మీటర్లు. గోదావరి మీద అంతకు అయిదు రెట్లు కట్టాలి. గోదావరి వరద కొళ్ళిడం వరద కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఎగువన పాపికొండల నడుమ నది ఇరుకుగా ఉంటుంది. అక్కడ కట్టుబడి పొడవు తగ్గుతుంది, కాని లోతు, వడి ఎక్కువ. అందుచేత నది బాగా వెడల్పైన ధవళేశ్వరాన్ని ఆయన ఎంచుకున్నాడు. అక్కడ వరద పలుచబడి పారుతుంది. నది నడుమ లంకలు ఉండటంతో ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టవచ్చు. కావలసిన రాయి పక్కనున్న కొండలోనే దొరుకుతుంది. డెల్టా మొదలయ్యేది కూడా అక్కడే.

1847లో పని ఆరంభమయింది. కాటన్ అడిగినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. ఉన్న కొద్దిమందితోనే ఆయన పని సాగించాడు. కొండ రాయిని పట్టాల మీద బండ్లలో నది దగ్గరికి చేర్చారు. వేలాది కూలీలు, రాళ్ళు కొట్టేవారు, తాపీ పనివారు, వడ్రంగులు, కమ్మరులు పగలనక రాత్రనక శ్రమించారు. వీణెం వీరన్న అనే తెలుగువాడు కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. పనివారిని కూడగట్టడంలో, నడిపించడంలో ఆయన చూపిన సామర్థ్యానికి తరువాత రాయ్ బహద్దూర్ బిరుదు లభించింది. 1848లో కాటన్‌కు వడదెబ్బ తగిలి ఆరోగ్యం చెడింది. పనిని కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళి, 1850లో తిరిగివచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలలో ఆ ఆనకట్ట సుమారు మూడున్నర కిలోమీటర్లు సాగింది. కాలువల మొదట్లో ఇసుక చేరకుండా తూములు అమర్చారు. కాలువల మీద పడవలు నడవడానికి లాకులు కట్టారు. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా నలభైతొమ్మిది కమానులతో వంతెన కట్టి, దాని మీద కాలువను నడిపించారు. కరువుతో వలసపోయిన నేల ధాన్యాగారంగా మారింది.

గోదావరి అనుభవం కృష్ణకు దారి చూపింది. విజయవాడ దగ్గర రెండు కొండల నడుమ కెప్టెన్ ఓర్ 1852 నుండి 1855 వరకు ఆనకట్ట నిర్మించాడు. 1858లో కాటన్ ఒరిస్సా వెళ్ళి మహానది డెల్టాను చూసి నివేదిక ఇచ్చాడు. అక్కడ కూడా కటకం పరిసరాలలో ఆనకట్టలు, కాలువలు వెలిశాయి.

పోలికను నమ్మి చేసిన ప్రతి పనీ ఫలించలేదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు, కడప జిల్లాలకు కాలువ తవ్వే పథకాన్ని కాటన్ గట్టిగా బలపరచాడు. ఒక కంపెనీ ఆ కాలువ తవ్వింది. కాని అది డెల్టా నేల కాదు. కాలువ మెట్టపొలాల గుండా పోయింది. ఖర్చు అంచనాలను మించింది. వానలతోనే జొన్న, పత్తి పండించుకునే నల్లరేగడి రైతులు నీటిని ఆశించినంతగా తీసుకోలేదు. కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనివేసింది. నది నదిని పోలినా, నేల నేలను పోలకపోతే ఫలితం మారుతుందని ఈ పని తెలిపింది.

1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. ఉద్యోగం విరమించిన తరువాత కూడా భారతదేశంలో కాలువలు విస్తరించాలని ఆయన పట్టుబట్టాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు ప్రశ్నలను, విమర్శలను ఎదుర్కొన్నాడు. ఎన్ని ప్రశంసలు అందుకున్నా, ఇసుకలో పునాది వేసే విద్యను తాను ఈ దేశపు ప్రాచీనుల దగ్గరే నేర్చుకున్నానని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. ఏ పేరూ మిగుల్చుకోని ఆ పూర్వపు పనివారికి ఘనతను పంచి ఇవ్వడం ఆయన గొప్ప గుణం. చివరి రోజుల్లో డార్కింగ్‌లోని తన ఇంటివద్ద వ్యవసాయ ప్రయోగాలు చేస్తూ గడిపి, 1899 జూలై 24న కన్నుమూశాడు.

కాటన్ కట్టిన ఆనకట్ట ఒక శతాబ్దానికి పైగా సేవ చేసింది. ఆ తరువాత దాని స్థానంలో కొత్త బ్యారేజి వెలసింది. దానికి ఆయన పేరే పెట్టారు. దాని కింద నేడు సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. డెల్టా గ్రామాలలో ఆయన విగ్రహాలు కనిపిస్తాయి. కల్లణై మాత్రం ఇప్పటికీ కావేరి ఒడ్డున నిలిచి ఉంది. పాత పనిని గౌరవంతో చూసి, దానిలోని కారణాన్ని గ్రహించి, కొత్త చోటికి తగినట్లు మార్చుకోగలిగినవాడికి పూర్వుల అనుభవం తరగని గని. కాటన్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.