గిజిగాని గుట్టు తెలిపిన సలీం అలీ

తొలకరి జల్లులు కురిసి వరిమళ్లు పచ్చబడిన పిమ్మట జగిత్యాల, కోరుట్ల వంటి వరిసీమలలో చెరువుగట్టు తాటిమట్టలకు, పాతబావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాని గూళ్లు వ్రేలాడుట పరిచితమైన దృశ్యం. సమీపముననే ఉన్న సిరిసిల్ల నేతపనికి పేరుపడిన పట్టణం. నేతగానికి మగ్గం ఉన్నది, నాడె ఉన్నది, పడుగూ పేకా ఉన్నవి. ఈ పిట్టకు ఉన్నదల్లా ముక్కు ఒక్కటే. గుఱ్ఱం జాషువ ఈ పక్షిని గూర్చి ఖండిక వ్రాసినాడు. అయితే ఆ గూడు కట్టేది ఎవరు, అది సగంలో ఎందుకు ఆగిపోతుంది, దానిని మెచ్చేది ఎవరు అన్న ప్రశ్నలకు ఓపికతో కూర్చుండి సమాధానం రాబట్టినవాడు సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించినాడు. పసితనముననే తల్లిదండ్రులు గతించగా మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగినాడు. సుమారు పదేండ్ల ప్రాయంలో గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టినాడు. దాని కంఠాన పసుపుపచ్చని మచ్చ చూచి, ఇది ఏ జాతి పిట్ట అని మేనమామను అడిగినాడు. ఆయనకూ తెలియలేదు. బాలుణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపినాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డు ఆ పిట్ట పేరు చెప్పి, సంఘంలో భద్రపరచిన పక్షులను ఒక్కొక్కటిగా చూపినాడు. ఆ దినముననే సలీం అలీ జీవితమార్గం నిర్ణయమైనది.

మార్గం నిర్ణయమైనదే గాని సుగమం కాలేదు. 1914లో కుటుంబ వ్యాపారం నిమిత్తం బర్మాకు పోయినాడు. గనుల లెక్కలకంటె అడవిలోని పక్షులే ఆయనను ఎక్కువగా ఆకర్షించినవి. తిరిగి వచ్చి జంతుశాస్త్రం చదివినాడు. 1918లో తెహ్మినాను వివాహమాడినాడు. విశ్వవిద్యాలయ పట్టం లేనందువలన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని పదవి లభించలేదు. 1926లో బొంబాయి వస్తుప్రదర్శనశాలలో సందర్శకులకు వివరించి చెప్పే ఉద్యోగం దొరికినది. 1929లో బెర్లిన్ నగరానికి పోయి స్ట్రెసమన్ పండితుని వద్ద శాస్త్రపద్ధతిని అభ్యసించినాడు. 1930లో తిరిగి వచ్చేసరికి ధనాభావం చేత ఆ ఉద్యోగమే రద్దయినది.

అప్పటికి ఆయన వయస్సు ముప్పదిమూడు. పదవి లేదు, జీతం లేదు. బొంబాయికి ఎదుటి తీరాన ఉన్న కిహిం గ్రామంలో భార్యతో కాపురం పెట్టినాడు. ఇంటి సమీపంలో గిజిగాళ్లు గూళ్లు కట్టుచుండెను. ఆ వర్షాకాలమంతా మాటున కూర్చుండి ఏ పక్షి ఏ గూటికి వచ్చినదో, ఏది ఏమి చేసినదో వ్రాసికొన్నాడు.

గూడు కట్టేది మగపక్షి. అది వరియాకు అంచును ముక్కుతో గాటుపెట్టి, పట్టుకొని ఎగిరిపోతుంది. ఆకు నిలువునా చీలి నార వస్తుంది. అట్టి నారను కొన్ని వందలసార్లు తెచ్చి ముడివేసి అల్లుతుంది. బోర్లించిన టోపీవలె గూడు సగమైన దశలో పని ఆపి, రెక్కలు అల్లార్చి కూయుచు ఆడపక్షులను పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి గూటిని పరీక్షిస్తుంది. మెచ్చితే మగపక్షి క్రింది గొట్టం వరకు గూడు పూర్తిచేస్తుంది. ఆడది గ్రుడ్లు పెట్టగానే మగపక్షి మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షిని పిలుస్తుంది. పొదిగే భారం తల్లిదే. మెచ్చని గూళ్లు సగంలోనే నిలిచిపోతవి. ఆ సగం గూళ్లు మగపక్షి ఊగే ఊయెలలని పూర్వం కొందరు అనుకొనేవారు. అవి నిజానికి తిరస్కృతమైన శ్రమకు గుర్తులు. 1931లో సలీం అలీ ఈ విషయాలను సంఘపత్రికలో ప్రకటించినాడు.

ఈ పరిశీలనలో ఒక గొప్ప సత్యం ఇమిడియున్నది. ప్రాణి పరిసరాలకు ఒదిగిపోవటం మాత్రమే కాదు, పరిసరాలను తనకు ఒదిగేటట్లు దిద్దుకొంటుంది కూడ. నైరృతి వానగాలి తగలకుండా గూళ్లు తరచు చెట్టుకు తూర్పుదెసను వ్రేలాడుతవి. క్రింద నీరు, చుట్టూ ముల్లు ఉంటే పాములకు అందటం కష్టం. ఇందులో ఒక పక్షికీ మరొక పక్షికీ భేదం ఉన్నది. లేతవయస్సు మగపక్షుల అల్లిక వంకరటింకరగా ఉంటుంది. అనుభవంతో చేయి తిరుగుతుంది. ఆడపక్షి అల్లిక నేర్పుకంటె గూడు ఉన్న చోటుకే ఎక్కువ విలువ ఇస్తుందని తరువాతి పరిశోధకులు కనుగొన్నారు. విడిచిపోయిన గూళ్లలో మునియా పిట్టలు కాపురం పెడతవి. ఒకటి కట్టిన ఇల్లు మరొకదానికి ఆధారమగుచున్నది.

కిహిం పరిశ్రమ ముగిసిన పిమ్మట, 1931-32లో, నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానపు పక్షులను ఆయన సర్వే చేసినాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆనాడు ఆ సంస్థానంలోనివే. 1939లో తెహ్మినా మరణించగా కలిగిన దుఃఖాన్ని పనిలో మరచిపోజూచినాడు. 1941లో భారతీయ పక్షులను గూర్చిన ఆయన పుస్తకం వెలువడినది. రిప్లీతో కలిసి రచించిన పది సంపుటాలు 1968-74 మధ్య వచ్చినవి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ బిరుదులు లభించినవి. 1987 జూన్ 20వ తేదీన బొంబాయిలో కన్నుమూసినాడు.

చాలకాలం జాడ తెలియని ఫిన్ గిజిగానిని కుమాయూన్ పర్వతపాదాన తిరిగి కనుగొన్నవాడు కూడ ఆయనయే. అదియు నేర్పరియైన నేతగాడే. అయినను పొడవైన గడ్డిమైదానాలు తరిగిపోవుటచేత నేడు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది. మన గిజిగాడు వరిచేలను ఆశ్రయించి బ్రతుకుచున్నాడు. ఎంతటి నేర్పరికైనను నార కావలెను, కొమ్మ కావలెను. తాటిచెట్టు కొట్టి, పాతబావి పూడ్చినచోట ముక్కులోని నేర్పు ఏమి చేయగలదు? వానకాలంలో ఉపాధ్యాయుడు పిల్లలను ఒక చెరువుగట్టుకు తీసికొనిపోయి, నిండుగూళ్లెన్ని, సగంగూళ్లెన్ని అని లెక్కింపజేయవచ్చును. కిహింలో సలీం అలీ వద్ద ఉన్న సాధనాలు కూడ ఇంచుమించు అవే: కన్నులు, కాగితం, ఓర్పు.